కార్డు మీది తారీఖు

పోయిన ఏడు ఎండాకాలం మా ఇంట్లో ఒక పురుడు జరగాల్సి ఉంది. ఆ పురుడు ఎవరి చేతుల మీద జరగాలన్న దాని మీద రెండు కుటుంబాలు పట్టుదలకు పోయాయి. గెలిచింది నేను. ఆ మాట రాయడానికి ఇప్పుడు చేయి రావడం లేదు కానీ, అప్పట్లో నేను గెలిచాననే అనుకున్నాను, వాడకట్టులో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

మాది మునగాల. నేను అంగన్‌వాడీ టీచర్ని. పందొమ్మిదేళ్లుగా ఈ ఊరి గర్భిణుల బరువు తూస్తున్నాను, గుడ్లూ పాలూ ఇస్తున్నాను, ఎవరికి ఎన్నో నెలో రిజిస్టర్లో రాస్తున్నాను. నెల తప్పిన పిల్ల ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి మాట ఒకటే: "ఆఖరుసారి ముట్టు ఎప్పుడొచ్చింది? తారీఖు సక్కగ యాదికి తెచ్చుకొని సెప్పు." కాన్పు రోజు లెక్కంతా ఆ తారీఖు నుంచే నడుస్తుంది. అది తప్పు చెబితే పైనుంచి కిందిదాకా అన్నీ తప్పుతాయని ఎందరు ఆడపిల్లలను గదమాయించానో! ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడిందని సామెత ఊరికే పుట్టలేదు.

మా అమ్మాయి గోపికను వైశాఖంలో మాడుగులపల్లి దగ్గరి ఊరికి ఇచ్చాం. వియ్యంకుడు ఐలన్నకు గొర్లమంద ఉంది. అల్లుడు ప్రేమ్‌కుమార్ మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఉద్యోగం. ఆషాఢం రాగానే కొత్తకోడలు కనుక గోపిక మా ఇంటికి వచ్చింది. ఆ నెల కొత్త దంపతులు కలవకూడదు, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. అప్పుడు కడుపు పడితే కాన్పు మండుటెండల్లో వస్తుందని పెద్దలు పెట్టిన కట్టడి అది. నెల నడిమధ్యలో ఒకరోజు అల్లుడు బండి మీద వచ్చి దిగాడు. పూటకు పోతానన్నవాడు రెండు రోజులున్నాడు. నేను చూసీ చూడనట్టు వంటింట్లో ఉండిపోయాను. పెళ్లయి రెండు నెలలు కాలేదు, పిల్ల ముఖంలో ఆ సంతోషం చూసి పొమ్మని ఎలా అంటాను?

గోపికకు ఆఖరుసారి ముట్టు జూలై రెండున వచ్చింది. మళ్లీ ఆగస్టులో రాలేదు.

కడుపు పండిందని సంబరపడాల్సింది పోయి నేను భయపడ్డాను. ఆషాఢంలో కడుపు పడిందంటే పరువు పోయేది పిల్ల తల్లిది. ఇంట్లో పిల్లను కట్టడిలో పెట్టుకోలేదంటారు. ఆ మాట ఎంత కోస్తుందో నాకు తెలుసు, ఎందుకంటే గోపిక కూడా ఆషాఢపు కడుపే. మా అత్త కాలం చేసేదాకా, ఆఖరి వారం మంచంలో ఉండి కూడా, చూడవచ్చిన వాళ్లందరికీ "దీని తల్లి మర్యాద గింతనే" అని మా అమ్మను ఎత్తి చూపింది. మా అమ్మ ఆ మాట వినలేక మా గడప తొక్కడమే మానేసింది.

అందుకని తల్లీబిడ్డల కార్డు నా చేత్తో నేనే నింపాను. ఆఖరి ముట్టు తారీఖు దగ్గర ఆగస్టు రెండు అని రాశాను. శ్రావణంలో కడుపు, మే తొమ్మిదికి కాన్పు. చక్కగా కుదిరింది.

"అమ్మా, నెల తేడా అయితది గదనే," అంది గోపిక.

"నొప్పులు కార్డు సూసి వస్తయా? వచ్చేటప్పుడే వస్తయి. నువ్వు నోరు మెదపకు."

తొలి నెలల స్కానింగ్ తారీఖును ఇంచుమించు పట్టేస్తుందని నాకు తెలుసు. మూడో నెలలో జ్వరమని, ఐదో నెలలో అత్తగారింట్లో ఉందని వంకలు చెప్పి రెండూ తప్పించాను. తెలియక చేసినదైతే ఇంత భారం ఉండేది కాదు.

* * *

ఫాల్గుణంలో, కార్డు ప్రకారం ఏడో నెల అని, పిల్లను తెచ్చుకోవడానికి మాడుగులపల్లి వైపు వెళ్లాను. వియ్యపురాలు లక్ష్మీనర్సమ్మ భారీ మనిషి, గొంతూ భారీనే. మంద ఈనే రోజుల్లో పది గొర్రెలకు ఒక్కతే పురుడు పోస్తుందని పేరు. అన్నాలయ్యాక ఆమె నా పక్కన కూర్చుంది.

"వదినా, మిర్యాలగూడల ఒక లేడీ డాక్టరున్నది. మా ఆడిబిడ్డ బిడ్డలిద్దరికీ ఆమెనే చేసింది. అయ్యగారితోని మంచి రోజు సూపించుకుంటే, ఆ గడియకే తీస్తది."

"తీసుడేంది వదినా, చెట్టు మీది కాయనా?" అన్నాను. "సూర్యాపేట సర్కారు దవాఖానల శోభారాణి సిస్టరని మిడ్‌వైఫ్ ఉన్నది. పురుళ్ల కోసమే సదివిన మనిషి. డాక్టర్లు గూడ ఉంటరు, అవసరమైతే సూస్తరు. మా ఊరోళ్లు పదకొండు మందిని తోల్కపోయిన, ఒక్కరికి కోత పడలే."

"మిడ్‌వైఫ్ అంటే ఏంది?"

"మంత్రసాని," అన్నాడు ఐలన్న బీడీ ఆర్పుతూ. "సదువుకున్న మంత్రసాని."

అందరం నవ్వాం. నవ్వనిది లక్ష్మీనర్సమ్మ ఒక్కతే. ఆమె గోపిక కడుపు వైపే చూస్తోంది.

"మంచిగనే చేస్తది కావచ్చు, కాదంటలేను. గని జర ముందుగాలనే అయితే మంచిదేమో. నాకైతే నెలలు ఎక్కువనే కనపడుతున్నయ్ వదినా. ఉగాది పొంటి మంచి రోజులున్నయట."

ముహూర్తం పిచ్చి అనుకున్నాను. నా రెండో కాన్పుకు కోదాడలో కడుపు కోశారు. ఇరవై ఏళ్లు దాటినా బిందె ఎత్తితే నడుము పట్టేస్తుంది. నా బిడ్డ ఆ బల్ల ఎక్కకూడదని నేను ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాను.

"మే తొమ్మిది అని కార్డు మీద ఉన్నది. ఉగాదికి తీస్తే పిల్ల నెల రోజులు అద్దాల డబ్బాల పండాలె. నీ మనుమడో మనుమరాలో గట్ల పండుడు నీకు ఇష్టమా?" అన్నాను. అంతటితో ఆగకుండా, "అయినా తొలుచూలు తల్లిగారిది," అని ముగించాను.

లక్ష్మీనర్సమ్మ ఏదో అనబోయి ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నువ్వు టీచరమ్మవాయె. నీకంటె మాకు ఎరుకా," అంది.

అదీ నేను గెలిచిన విధం. గోపికను బండెక్కించుకుని ఆ సాయంత్రమే మునగాల వచ్చేశాను.

* * *

శోభారాణి సిస్టర్‌కు ముప్పై రెండు ముప్పై మూడేళ్లుంటాయి. బక్కపలుచని మనిషి, మాట తక్కువ. ఆమె గదిలో నేల మీద చాప, పెద్ద రబ్బరు బంతి, గోడకు పట్టుకుని నడవడానికి కమ్మీ ఉంటాయి. మొదటి రోజే గోపికను చాప మీద కూర్చోబెట్టి ఊపిరి ఎలా వదలాలో నేర్పింది. నొప్పులప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు నడువు, ఒరుగు, కూర్చో, నేను పక్కనే ఉంటాను అంది. మా గోపికకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి బంతి లేక బియ్యం మూట మీద కూర్చుని ఊగేది. దాన్ని చూసి నేనూ మా ఆయనా నవ్వలేక చచ్చేవాళ్లం.

మార్చి మొదట్లో తప్పనిసరై స్కానింగ్ తీయించాం. ఆ కాగితం చూసి శోభారాణి అట్టతో చేసిన గుండ్రటి చక్రం ఒకటి తిప్పి, వారాలు లెక్కపెట్టింది.

"టీచరమ్మా, స్కానింగ్‌ల రెండు వారాల పైన ఎక్కువ సూపిస్తుంది. ఇన్ని నెలలైనంక స్కానింగ్ అటూఇటూ అయితది, దాన్ని పట్టుకొని తారీఖు మార్చలేం. కార్డు మీదిదే నమ్మాలె. ఆగస్టు రెండు పక్కానా?"

"పక్కా సిస్టర్. మా ఇండ్లల్ల పిల్లలు జర పెద్దగనే పుడతరు."

"ఒక్కసారి మళ్ల యాది చేసుకోండ్రి."

"సిస్టర్, నేను ఊరందరి తారీఖులు రాసేదాన్ని. నా బిడ్డది తప్పు రాస్తనా?"

ఆమె నవ్వి, చక్రం సొరుగులో పెట్టింది. "మీరు సెప్పినంక ఇగ అనుమానమెందుకు," అంది. ఇంకెవరి తల్లి అయినా అయితే ఆమె మూడోసారి కూడా అడిగేది. నా ఉద్యోగం చూసి ఊరుకుంది.

ఏప్రిల్ ఎనిమిది వచ్చింది. అసలు గడువు ఆ రోజే. నేను నిద్ర లేచిన దగ్గర్నుంచి గోపిక ముఖమే చూస్తున్నాను. నొప్పులు రాలేదు. తొమ్మిది, పది, పదకొండు. ఎండలు ముదిరాయి. తొలుచూలు కదా, వారం పది రోజులు ఆలస్యమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అదే మాట ఇంకొకరు వచ్చి చెబితే చీవాట్లు పెట్టి దవాఖానకు తరిమేదాన్ని.

ఏప్రిల్ పదిహేనున పరీక్షకు వెళ్లేటప్పుడు లక్ష్మీనర్సమ్మ కూడా వచ్చింది. మిర్యాలగూడ నుంచి బస్సులో నేరుగా సూర్యాపేటకు వచ్చి, దవాఖాన మెట్ల మీద మా కోసం కూర్చుంది. శోభారాణి గోపిక కడుపు కొలిచింది, బిడ్డ గుండె వినిపించింది. టకటకమని చక్కగా కొట్టుకుంటోంది.

"సిస్టరమ్మా, ఇంక ఎన్నొద్దులు?" అడిగింది లక్ష్మీనర్సమ్మ.

"ముప్పై ఏడో వారం నడుస్తుందమ్మా. ఇంక మూడు వారాలకు పైననే."

"మూడు వారాలా?"

ఆమె నా వైపు తిరిగి చూసింది. సర్కారు దవాఖాన మీద నమ్మకం లేక చూస్తోందనుకున్నాను, తల తిప్పుకున్నాను.

"సిస్టర్, నొప్పులు వచ్చేటందుకు ఇప్పుడే ఏమన్న ఇయ్యొచ్చునా?" అన్నాను మెల్లగా.

"ఇప్పుడెందుకమ్మా? టైం గాకముందు బిడ్డను తొందరపెట్టొద్దు. మీకు ఎరుక లేనిదా? కడుపుల బిడ్డ కదులుడు లెక్క పెట్టుకోండ్రి, తక్కువనిపిస్తే ఎంటనే రాండ్రి."

గోపిక నా మణికట్టు పట్టుకుంది. "అమ్మా," అంది.

శోభారాణి రాస్తున్నది ఆపి తలెత్తింది. "ఏమన్న సెప్పేదున్నదా?"

అప్పుడు లక్ష్మీనర్సమ్మ లేచింది. "నాకు దూపైతుంది. నీళ్లు తాగొస్త," అని తెర తొలగించుకుని బయటికి పోయింది. గదిలో మేం ముగ్గురమే మిగిలాం. తెర కింద లక్ష్మీనర్సమ్మ పాదాలు కనిపిస్తున్నాయి, కడియాలు కూడా. నీళ్లకు పోలేదు, అక్కడే నిలబడింది. ఇప్పుడు చెబితే వింటుంది అనుకున్నాను. పందొమ్మిదేళ్లు తారీఖులు రాసిన టీచరమ్మ అబద్ధం రాసిందని ఈ సిస్టర్‌కూ తెలుస్తుంది అనుకున్నాను.

"ఏం లేదు సిస్టర్. ఎండకు బెదురుతుంది, అంతే," అన్నాను.

* * *

ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం. పొద్దున చాయ్ తాగుతూ గోపిక గ్లాసు కింద పెట్టింది.

"అమ్మా, లేసినకాడికెల్లి కదులుతలేదే."

బెల్లం నీళ్లు తాగించి ఎడమ పక్కకు పడుకోబెట్టాను. కడుపు మీద చేయి వేసి కూర్చున్నాను. ఊరి ఆడపిల్లలకు ఎన్నోసార్లు అలాగే వేసి, "ఇగో కదిలింది" అని నవ్వినదాన్ని. ఆ రోజు నా చేతికి ఏమీ తగల్లేదు. ఆటో పిలిచి హైవే ఎక్కాం. దారి పొడుగునా గోపిక కడుపును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

శోభారాణి మిషన్ పెట్టి వెతికింది. ఒకచోట, ఇంకోచోట, మళ్లీ మొదటిచోట. బరబరమనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆమె గోపిక తల నిమిరి, బయటికెళ్లి డాక్టరమ్మను తీసుకొచ్చింది. స్కానింగ్ తెర మీద గుండె ఉండాల్సిన చోటు కదలకుండా ఉంది.

నొప్పులకు మందు పెట్టారు. గోపిక కన్నది. ఎన్ని వారాలు నేర్చుకుందో ఆ ఊపిరి అంతా వాడి, నడిచి, కమ్మీ పట్టుకుని, సిస్టర్ భుజం మీద ఒరిగి కన్నది. ఒక్క కోత పడలేదు. పొద్దుగూకే వేళకు ఆడపిల్ల.

శోభారాణి బిడ్డను తెల్లబట్టలో చుట్టబోతూ ఆగింది. ఒంటి మీద చర్మం ఎండి పొరలు లేచింది. గోళ్లు, గడువు దాటిన బిడ్డకు లాగా, వేళ్ల చివరలు దాటి పెరిగి ఉన్నాయి. ఆ చిన్న చేతిని తన వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను బిడ్డను చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

బయట ఐలన్న తమ్ముడు పరశురాములు కేకలేస్తున్నాడు. "డాక్టరు చెయ్యాల్సింది నర్సుకిచ్చిన్రు! మంత్రసాని చేతుల పెట్టి పిల్లను చంపిన్రు!" జనం పోగయ్యారు. ప్రేమ్‌కుమార్ గోడకు నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. పరశురాములు ఆ సాయంత్రమే ఫిర్యాదు రాసిచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అన్నీ విన్నాను, నోరు తెరవలేదు.

* * *

పన్నెండో రోజు పొద్దున శోభారాణి మునగాలకు వచ్చింది. విచారణ తేలేదాకా పురుళ్ల గదిలోకి రావద్దన్నారట. ఆ ముక్క కూడా ఆమె చెప్పలేదు, నాకు వేరేవాళ్లు చెప్పారు. గోపిక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పాలు ఆగడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టాం, అయినా ఆగడం లేదు. లక్ష్మీనర్సమ్మ వారం రోజులుగా మా ఇంట్లోనే ఉండి కోడలికి చేస్తోంది. ఆ పూట మంచం పక్కన కూర్చుని తడిసిన గుడ్డ మారుస్తోంది.

శోభారాణి కుర్చీ అంచున కూర్చుని సంచిలోంచి కార్డు తీసింది.

"టీచరమ్మా, నా నౌకరి కోసం రాలే. పోతే పోతది. రేపు నా ముంగటికి ఇసొంటి పిల్లనే ఇంకొకతె వస్తే నేను ఏడ తప్పిన్నో నాకు ఎరుక కావాలె. మూడోసారి అడుగుతున్న. ఈ తారీఖు నిజమేనా?"

ఆ పసిదాన్ని మట్టి చేసి వచ్చాం. ఇంకా దాచుకోవడానికి ఏం మిగిలిందని? అయినా నా నోరు అలవాటైన దారినే పోయింది.

"రాసిందే నిజం," అన్నాను.

"జూలై రెండు."

గోపిక ఇటు తిరిగింది. ఆ పన్నెండు రోజుల్లో అది అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

"జూలై రెండు సిస్టర్. ఆషాఢంల ఆయన వచ్చి పోయిండు. అమ్మ మార్చి రాసింది. నేను గూడ ఊకున్న."

నేను లక్ష్మీనర్సమ్మ వైపు తిరిగాను. మా అత్త అన్న మాటే ఈమె నోటి నుంచి వస్తుందని, రావాలని కూడా అనిపించింది. తిట్టించుకుంటే కొంతైనా బరువు దిగేది.

"నాకెరుకే బిడ్డా," అంది లక్ష్మీనర్సమ్మ గోపికతో. గుడ్డ పిండుతూనే ఉంది. "ఆణ్ని పొమ్మన్నదే నేను. అన్నం ముంగట పెట్టుకొని మెతుకు ముట్టకపోతుండె. పోయి పెండ్లాన్ని సూసి రాపో అన్న. రెండొద్దులు రాకపోతే నాకు సమజు గాదా? అప్పటికెల్లి వేళ్ల మీద లెక్క పెట్టుకుంటనే ఉన్న. ఉగాది దాటంగనే అయితదనుకున్న. గందుకే మంచి రోజు సూపిద్దామంటి."

"మరి ఒక్క మాట అడగవైతివి వదినా," అన్నాను.

"ఎట్ల అడుగుదు? మీ ఇంట్ల గిట్లయిందట గదా అని నా నోటితోని అంటే, నీ మర్యాద ఏం గావాలె? నువ్వే సెప్పుకుంటవని ఆనాడు దవాఖానల లేసి బయటికి వొయిన. ఏం లేదంటివి. సదువుకున్నదానివి, లెక్క నాదే తప్పిందేమో అనుకున్న." ఆమె గుడ్డను మోకాలి మీద పరిచి సాపు చేసింది. "నేను గూడ నోరు మూసుకుంటి వదినా. మందల ఒక్క గొర్రెకు రెండొద్దులు ఎక్కువైతే పరేషానయ్యేదాన్ని."

శోభారాణి కార్డు మీద నా అక్షరాలను ఒక్క గీత గీసి కొట్టేసి, పక్కన జూలై రెండు అని రాసింది. చక్రం తీయలేదు, వేళ్ల మీదే లెక్కపెట్టింది. నలభై రెండు వారాల నాలుగు రోజులు అని దాని కింద రాసింది. విచారణకు ఒక కాగితం రాసిమ్మని అడిగింది. రాసి సంతకం పెట్టాను. ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పోతూ పోతూ గోపిక పాదాలు ఒకసారి పట్టుకుని వదిలింది.

ఆమె వెళ్లిపోయాక గోపిక లేచి కూర్చుంది. తలకు కట్టిన గుడ్డ సరిచేసుకుంది. నా వైపు చూడలేదు.

"అత్తా, నన్ను ఇంటికి తోల్కపో."

"గిప్పుడా? పచ్చి బాలింతవు. నెల నిండకుండ తల్లిగారిల్లు ఇడిసి పోవద్దు బిడ్డా, పద్ధతి కాదు."

"పద్ధతులన్నీ పాటించినం గదత్తా," అంది గోపిక.

లక్ష్మీనర్సమ్మ చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత లేచి, దండెం మీది బట్టలు ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టసాగింది.